సైనిక చిట్టాల్లో వలస కుటుంబాల జాడ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

ముత్తాత ఊరేదో తెలియదు. ఆయన కుడి మోకాలి కింద గాయపు మచ్చ ఉండేదని, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలని మాత్రం తెలుసు. దక్షిణాఫ్రికా, ఫిజీ, మారిషస్ దేశాల్లోని తెలుగు కుటుంబాల్లో చాలామందికి పూర్వీకుల గురించి దొరికే మొదటి సమాచారం ఇలాగే ఉంటుంది. పట్టాళంలో చేరే మనిషి పారిపోతే పట్టుకోవడానికి, ఓడెక్కే కూలీ మారిపోతే గుర్తుపట్టడానికి దొరల గుమాస్తాలు ఒళ్లంతా వెతికి మచ్చలు రాసుకున్నారు. నూరేళ్ల తర్వాత అదే రాత మనవళ్లకు ఆధారమైంది.

సైన్యంలో చేరినప్పుడు, లేదా చేరదగిన వయసువాళ్లుగా నమోదైనప్పుడు రాసిన కాగితాల నుంచి వలస వెళ్లినవాళ్ల పుట్టినూరు, తండ్రి పేరు, దగ్గరి బంధువుల పేర్లు రాబట్టడం వంశ చరిత్ర పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. అమెరికాలో దీనికి పెద్ద ఆధారం నిర్బంధ సైనిక నమోదు కార్డులు. బ్రిటిష్ ఇండియాలో భారతీయులను బలవంతంగా సైన్యంలోకి తీసుకునే చట్టం ఎప్పుడూ లేదు. 1917లో వచ్చిన భారత రక్షణ దళ చట్టం ఇక్కడున్న ఐరోపా మూలాల బ్రిటిష్ ప్రజలకు మాత్రమే సేవను తప్పనిసరి చేసింది. కాబట్టి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్ల విషయంలో ఆ కార్డు చేసే పనిని వేర్వేరు కాగితాలు పంచుకుంటాయి. వాటిలో ముఖ్యమైనవి కూలీల ఓడ చిట్టాలు, మద్రాసు పట్టాళం కాగితాలు, రెండు ప్రపంచ యుద్ధాల మృతుల పట్టికలు. వీటిలో ఓడ చిట్టాయే అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

అమెరికా కార్డు

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా 3 విడతలుగా మగవాళ్లను నమోదు చేసింది. 1917 జూన్ 5న 21 నుంచి 30 ఏళ్ల వాళ్లను, 1918 జూన్‌లో కొత్తగా 21 నిండినవాళ్లను, 1918 సెప్టెంబర్ 12న 18 నుంచి 45 ఏళ్ల వాళ్లను. మొత్తం సుమారు 2 కోట్ల 40 లక్షల కార్డులు. పౌరసత్వం లేని పరదేశులు కూడా నమోదు కావాల్సిందే. సైన్యంలోకి వెళ్లినవాళ్లు వీళ్లలో కొందరే. అందుకే కార్డు ఉన్నంత మాత్రాన తాత యుద్ధానికి వెళ్లాడని అనుకోకూడదు. కొత్తగా వెతికేవాళ్లు సాధారణంగా చేసే తప్పు ఇదే.

మూడు విడతల ప్రశ్నలూ ఒకటి కాదు. మొదటి ఫారంలో పుట్టిన ఊరు, దేశం అడిగారు. రెండోదానిలో తండ్రి పుట్టిన చోటు కూడా అడిగారు. మూడోది అన్నిటికన్నా ఎక్కువమందిని నమోదు చేసింది, కానీ పుట్టినూరు అడగలేదు. దగ్గరి బంధువు పేరు, చిరునామా అడిగి సరిపెట్టింది. మొదటి ఫారం కింద ఎడమ మూలన, ఆఫ్రికా సంతతి మనిషైతే ఈ మూల చించాలని అచ్చయి ఉంటుంది. మూడో ఫారంలో జాతి గడిలో ‘ఇండియన్’ అంటే అమెరికా ఆదివాసి. మన దేశం నుంచి వెళ్లిన మనిషిని గుమాస్తా ఏ గడిలో వేశాడన్నది ఆ గుమాస్తా ఇష్టం. సిక్కులనూ ముస్లింలనూ కూడా ‘హిందూ’ అని రాసే కాలం అది. పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ 1918లో అమెరికా సైన్యంలో పనిచేశారు. అయినా 1923లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాదని పౌరసత్వం నిరాకరించింది.

అప్పట్లో అమెరికాలో తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. మదనపల్లె మనిషి కథ ఈ కార్డుల దగ్గరకు వచ్చేది రెండో యుద్ధంలో. 1942 ఏప్రిల్ 27న జరిగిన నాలుగో విడతను అక్కడ ‘ముసలివాళ్ల నమోదు’ అని పిలిచేవారు. 1877 ఏప్రిల్ 28కీ 1897 ఫిబ్రవరి 16కీ మధ్య పుట్టినవాళ్లు దాని కిందికి వస్తారు. 1895లో మదనపల్లెలో పుట్టి, యుద్ధకాలమంతా కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో గడిపిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి వయసు సరిగ్గా ఆ లెక్కలో పడుతుంది. అదే ఏడు పుట్టి 1923 నుంచి అమెరికాలో ఉన్న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుదీ అంతే. ఆయన చివరిదాకా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు.

ఇలాంటి కార్డు చదవడంలో వచ్చే రెండు చిక్కులకూ కృష్ణమూర్తే మంచి ఉదాహరణ. ఆయన పుట్టింది అర్ధరాత్రి దాటిన అరగంటకు. తెల్లవారేదాకా మనకు నిన్నటి రోజే నడుస్తుంది కనుక జాతకం ప్రకారం మే 11, ఇంగ్లీషు గడియారం ప్రకారం మే 12. రెండు కాగితాల్లో రెండు తేదీలున్నాయని ఇద్దరు మనుషులుగా లెక్కవేస్తే అంతే సంగతులు. ఇక పేరు. ‘జిడ్డు’ ఇంటిపేరు, మనం ముందు రాస్తాం. దొరల ఫారంలో ఇంటిపేరు గడి చివర. ఆ గడిలో కృష్ణమూర్తి అని పడితే ఆ ఇంటి మనిషి ‘క’ గుణింతంలో దొరుకుతాడు, ‘జ’లో వెతికితే దొరకడు.

పుట్టిన దేశం గడిలో ఇండియా అని ఉన్నవాళ్లంతా మనవాళ్లు కారు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ తరఫున జేకబ్ చాంబర్లెయిన్ 1863లో మదనపల్లెకు వచ్చి స్థిరపడ్డారు. అలాంటి మిషనరీ కుటుంబాల పిల్లలు ఇక్కడే పుట్టి అక్కడ పెరిగారు. మదనపల్లె పేరు కనిపించగానే సంబరపడకుండా జాతి గడి, బంధువు పేరు కూడా చూసుకోవాలి.

అయినా ఈ కార్డుల విలువ తక్కువది కాదు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక పత్రాగారంలో మంటలు రేగి, 1912 నుంచి 1960 దాకా ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల పత్రాల్లో దాదాపు 80 శాతం కాలిపోయాయి. మొదటి యుద్ధపు నమోదు కార్డులు వేరే చోట ఉండి బతికిపోయాయి. బ్రిటన్‌లో 1940లో జర్మన్ బాంబులు పడి మొదటి యుద్ధపు సిపాయి పత్రాల్లో సగానికి పైగా పోయాయి. ముసలివాళ్ల నమోదు కార్డుల్లో మాత్రం దక్షిణాది 8 రాష్ట్రాలవాటిని అధికారులే ధ్వంసం చేశారు.

చిత్తూరు జిల్లా లేని కాలం

మన వైపు వెతికేవాళ్లను ఎక్కువగా బోల్తా కొట్టించేది జిల్లా పేరు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లావి. ఉత్తర ఆర్కాడు కలెక్టరు కచేరీ మాత్రం చిత్తూరులోనే ఉండేది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీల వలస ఆగింది కూడా 1911లోనే. అంటే అక్కడికి వెళ్లిన మనవాళ్లలో దాదాపు ఎవరి కాగితంలోనూ ఇప్పటి అర్థంలో చిత్తూరు జిల్లా ఉండదు. ఆర్కాడు అనగానే తమిళులమేమో అనుకుని తెలుగు కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. కడప అనగానే మదనపల్లె తట్టక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పోతాయి. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరాక ఇంకో పొర కూడింది.

పుంగనూరు, కుప్పం విషయంలో ఇంకో మెలిక ఉంది. అవి జమీందారీలు. పుంగనూరు సంస్థానం తనదైన ఎస్టేటు, కుప్పం వైపు ఊళ్లు కంగుంది జమీందారీవి. తాలూకా గడిలో కంగుంది అని ఉంటే దాన్ని ఊరి పేరనుకుని కంగుంది కోట కింది పల్లెకు చేరుకుంటారు. నిజానికి అసలు ఊరు గుడుపల్లె దగ్గరిదో రామకుప్పం దగ్గరిదో కావచ్చు. చౌడేపల్లె, సదుం, సోమల వైపు ఊళ్లు పుంగనూరు పేరు కింద వస్తాయి.

ఓడ చిట్టాలో ఒక వరుస

1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లను ఎక్కువగా పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాడు ఒకటి. ప్రతి మనిషికీ ఒక కాలనీ నంబరు ఉంటుంది, చచ్చేదాకా అదే గుర్తు. పెళ్లి నమోదులో, జీతం ఫిర్యాదులో, ఆసుపత్రి చిట్టాలో, తిరుగు ప్రయాణం కాగితంలో ఆ నంబరే కనిపిస్తుంది. వంశ పరిశోధకుడికి పేరు కన్నా నంబరే నమ్మకమైన చుట్టం.

చిట్టాలో ఒక వరుస తీసుకుని అడ్డంగా చదివితే ఇలా సాగుతుంది: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. సైన్యంలో చేరేటప్పుడు రాసే సిపాయి వర్ణన పట్టీ చూసినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. గడులు కొంచెం అటూ ఇటూ, పద్ధతి మాత్రం అదే. గుర్తుల గడిలో మచ్చ, పుట్టుమచ్చ, కాలిన గాయం ఉంటాయి. చేతి మీది పచ్చబొట్టు రాసి ఉంటే అది ఇంకా విలువైనది, ఎందుకంటే ఆడవాళ్ల పచ్చబొట్టు తీరు కొన్ని ఇళ్లలో తరతరాలూ మారదు. తండ్రి పేరుతో ఇంకో వరుస అదే ఓడలో దొరికితే అన్నదమ్ములో భార్యో దొరికినట్టే. కాబట్టి ఒక్క మనిషి కోసం వెతక్కూడదు, ముందూ వెనకా ఓ 20 నంబర్లు చదవాలి. ఒకే ఊరివాళ్లు కలిసి బయలుదేరి ఒకరి తర్వాత ఒకరు వరుసలో నిలబడ్డారు, గుమాస్తా ఆ వరుసే రాసుకున్నాడు.

1883 నాటి వలస చట్టం ప్రకారం కూలీని పోగుచేసిన చోట అధికారి ముందు నమోదు చేయాలి. కుప్పం మీదుగా మద్రాసు-బెంగళూరు రైలు 1864కే నడుస్తోంది. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లెకు స్టేషన్ ఉంది గానీ ఊళ్లో కాదు, దూరంగా చిన్నతిప్పసముద్రం దగ్గర. కరువు రోజుల్లో పనికోసం కోలారు గనుల దాకానో బెంగళూరు దండు (కంటోన్మెంటు) దాకానో నడిచిన మనిషి అక్కడే కూలీలను పోగుచేసే మేస్త్రీ చేతిలో పడితే, నమోదైన చోటుకూ పుట్టినూరుకూ పొంతన ఉండదు. ఈ తేడా గమనించకపోతే పల్లె పేరు దొరికినా తప్పు తాలూకాలో వెతుకుతూ కూర్చోవాలి.

వయసును గట్టిగా నమ్మకూడదు. 20, 25, 30 అని గుండు అంకెలే ఎక్కువ. ఇంట్లో మిగిలిన మాట మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. ‘ధాత కరువులో పుట్టాడు’ అంటే 1876-77. ఆ తర్వాతి తెలుగు సంవత్సరం ఈశ్వర, దాని తర్వాతిది బహుధాన్య. ఉత్తర ఆర్కాడునూ కడపనూ ఆ కరువు పిండేసింది, చాలామందిని ఊళ్లోంచి వెళ్లగొట్టింది.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60,965 మంది వెళ్లారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అక్కడి వలస పాసులు నేటాల్ చిట్టా కన్నా ఒక మెట్టు మెరుగు: మనిషికి ఒక కాగితం, అందులో దగ్గరి బంధువు పేరు కూడా. అమెరికా కార్డు అడిగిన ప్రశ్నే ఇక్కడా అడిగారన్నమాట. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థ దగ్గర ఉన్న వలస పత్రాల్లో 1860ల నుంచి ఫోటోలు కూడా చేరాయి. 1917లో యుద్ధకాలపు రక్షణ నియమాల కింద ప్రభుత్వం ఈ ఒప్పంద వలసను ఆపింది. అమెరికా మొదటి కార్డు రాయించుకున్నదీ అదే ఏడు.

పట్టాళం

మదనపల్లె వైపు ముసలివాళ్లు సైన్యాన్ని ఇప్పటికీ పట్టాళమనో మిలిట్రీ అనో అంటారు. బెంగళూరు కంటోన్మెంటు ‘దండు’. ఈ మూడు ఊళ్ల నుంచి సైన్యంలోకి వెళ్లే దారి చాలావరకు ఆ దండు గుండానే పోయింది. మద్రాసు సాపర్ల (సైనిక ఇంజనీర్ల) స్థావరం అక్కడే కదా.

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు దండిగా ఉండేవారు. శతాబ్దం చివరికి కొన్ని జాతులే యుద్ధానికి తగినవనే యుద్ధజాతుల సిద్ధాంతం బలపడి, తెలుగువాళ్ల భర్తీ దాదాపు మూతపడింది. 1895లో ప్రెసిడెన్సీ సైన్యాలు కలిసిపోయాయి. ఆ మార్పుతో మన కుటుంబాల్లో సైనిక పరంపర తెగింది, దానితోపాటు కాగితం పరంపర కూడా తెగింది. ఈ తలుపు మూసిన రోజుల్లోనే ఓడల తలుపు తెరిచి ఉందని గుర్తుపెట్టుకుంటే, తాత సిపాయి, తండ్రి కూలీ అయిన ఇళ్ల లెక్క అర్థమవుతుంది.

పంజాబుకు దక్కిన అదృష్టం మనకు దక్కలేదు. లాహోర్ మ్యూజియంలో మొదటి యుద్ధంలో పనిచేసిన సుమారు 3,20,000 మంది పంజాబీ సైనికుల పేర్లు ఊరివారీగా రాసిన రిజిస్టర్లు బయటపడి, 2021లో కొంత భాగం అందరికీ అందుబాటులోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటి పేర్ల చిట్టా లేదు. కొన్ని ఊళ్లలో కచేరీ గోడకో సత్రం గోడకో పాతిన చలువరాయి పలక ఉంటుంది. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది చనిపోయారు, అంతే. పేర్లు లేవు. ఇరాక్‌లోని బస్రా స్మారకంలోనూ ఇదే అన్యాయం. బ్రిటిష్ సిపాయిలకు పేర్లు చెక్కారు, భారతీయ సిపాయిలకు పటాలం పేరు కింద అంకె చెక్కారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఈ వివక్షను 2021లో ఒప్పుకుంది.

రెండో యుద్ధం కథ వేరు. సైన్యం 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది, తెలుగువాళ్లకు తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. చనిపోయినవాళ్ల వివరాలు అదే సమాధుల సంస్థ పట్టికలో ఉన్నాయి. చాలా నమోదుల్లో ఫలానావారి కొడుకు, ఫలానామె భర్త, ఫలానా ఊరు, చిత్తూరు అనే వరుస ఉంటుంది. బర్మాలోని తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకంలో దాదాపు 27 వేల పేర్లు, సింగపూర్‌లోని క్రాంజి స్మారకంలో 24 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. ఇంట్లో ‘బర్మాలో పోయాడు’ అన్న ఒక్క ముక్క మిగిలినవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. బతికి తిరిగి వచ్చినవాళ్ల కాగితాలు ఆయా రెజిమెంట్ల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. సాపర్లవి బెంగళూరులో, మద్రాసు రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో. ఆర్మీ నంబరు లేకుండా వెళితే పని జరగదు. అది ట్రంకుపెట్టెలో పడివున్న పింఛను పుస్తకంలోనో, పతకం అంచు మీదో దొరుకుతుంది. ఇంట్లో పాత లోహపు వస్తువులన్నీ ఒకసారి తిప్పి చూడటం మంచిది.

వలస వెళ్లినవాళ్లు వెళ్లినచోట కూడా సైన్యానికి పనిచేశారు. 1899 డిసెంబరులో బోయర్ యుద్ధంలో గాంధీ కూడగట్టిన నేటాల్ భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉన్నారు. వాళ్లలో దాదాపు 800 మంది తోటల్లోని ఒప్పంద కూలీలు. పతకాలు 37 మంది నాయకులకు వచ్చాయి. డోలీ మోసిన కూలీల భుజాల మీదికి ఏమీ రాలేదు. మొదటి యుద్ధంలో నేటాల్ భారతీయుల డోలీ దళం తూర్పు ఆఫ్రికాకు వెళ్లింది. అదే రంగంలో, 1914 నవంబరులో టాంగా దగ్గర, మద్రాసు నుంచి వచ్చిన 61వ పయనీర్లు దిగారు. ఒకే తాలూకాలో విడిపోయిన దాయాదులు ఒకే యుద్ధంలో ఎదురుపడి కూడా గుర్తుపట్టలేని వీలుంది. దక్షిణాఫ్రికా సైనిక పత్రాలు ప్రిటోరియాలోని రక్షణ శాఖ పత్రాగారంలో, ఓడ చిట్టాలు డర్బన్ పత్రాగారంలో ఉన్నాయి. రెండిటినీ కలిపే తాడు కాలనీ నంబరే.

పేరు ఎవరి చెవిన పడింది

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపిస్తాయి. ఒకే మనిషి తెలుగు గుమాస్తా దగ్గర మునిగాడు, తమిళ గుమాస్తా దగ్గర మునియన్. తర్వాత దొర రాతలో అది ఇంకేదో అవుతుంది. ఊరు కూడా అంతే: మనకు పల్లె, కన్నడిగుడికి హళ్లి, తమిళుడికి పట్టి. పాత ఇంగ్లీషు రాతలో ‘ఉ’కారానికి రెండు సున్నాల్లాంటి అక్షరాలు వాడేవారు కనుక, పుంగనూరుకు ఒకే రాత ఉంటుందని ఆశించకూడదు. అక్షరాలు పోల్చడం మాని పైకి చదివి వినాలి, అదీ ఆ మూడు యాసల్లోనూ. ‘గాడు’తో ముగిసే పేర్లు కనిపిస్తే రాసినవాడి పక్కన తెలుగు మనిషి ఉన్నాడని అనుకోవచ్చు.

దక్షిణాఫ్రికాలో ఇంటిపేర్లుగా మారినవి నిజానికి మన ఇంటిపేర్లు కావు. నాయుడు, రెడ్డి, చెట్టి వంటి కులనామాలు కొందరికి స్థిరపడ్డాయి. మరికొందరికి ఓడెక్కిన తాత సొంత పేరే ఇంటిపేరయింది. అసలు ఇంటిపేరు చిట్టాలో గడి లేక పోయింది. 1931లో ఏర్పడిన దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ వంటి సంఘాల చుట్టూ చేరిన కుటుంబాల్లో అది ఒక్కోసారి పెళ్లి పిలుపుల్లోనో కర్మకాండ సంకల్పంలోనో బతికి ఉంటుంది. పురోహితుడు గోత్రం అడిగితే ముసలమ్మ టక్కున చెప్పిన మాటకు ఏ పత్రాగారమూ సాటిరాదు.

ఊరు దొరికాక

చిట్టాలోని పల్లె ఇప్పటి పల్లె అని తేలాక పని చేతికి వచ్చినట్టే కనిపిస్తుంది గానీ, ఇక్కడ మదనపల్లె దారి వేరు, మిగతా రెండిటి దారి వేరు. మదనపల్లె తాలూకా రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ ప్రాంతం. పంతొమ్మిదో శతాబ్దపు భూమి సెటిల్‌మెంటు రిజిస్టర్లలో పట్టాదారు పేరు దొరికే అవకాశం ఉంది. పుంగనూరు, కంగుంది జమీందారీల్లో భూమి లెక్కలు జమీందారు కచేరీవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ సర్వే, సెటిల్‌మెంటు చాలా ఊళ్లను పూర్తిగా తాకాయి. అక్కడ 1890ల రైతు పేరు కోసం రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగడం వృథా. భూమి లేని కూలీకైతే ఏ ఊళ్లోనైనా అంతే. ఓడెక్కినవాళ్లలో భూమి లేనివాళ్లే ఎక్కువ.

పాత వలస శాఖ ఉత్తర ప్రత్యుత్తరాలు, ఉత్తర ఆర్కాడు జిల్లా పత్రాలు చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారంలో ఉన్నాయి. ఇవాళ్టి ఆంధ్ర జిల్లా చరిత్ర కోసం పొరుగు రాష్ట్రానికి వెళ్లడం చాలామందికి తట్టదు. ఊళ్లో కరణాల దగ్గరుండే జనన మరణ రిజిస్టర్లు 1984లో కరణీకం రద్దయినప్పుడు చేతులు మారాయి. కొన్ని మండల కచేరీల్లో చేరాయి, కొన్ని చెదలకు పోయాయి.

ఇంతా చేసి ఊరికి చేరినవాళ్లు ఓడ చిట్టా తీసి ముత్తాత పేరు చదివితే ఎవరికీ తెలియకపోవచ్చు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. అప్పుడు అడగాల్సింది పేరు కాదు. ధాత కరువు తర్వాత అన్నదమ్ముల్లో ఒకడు కనిపించకుండా పోయిన ఇల్లు ఏదని రచ్చబండ దగ్గర అడగాలి, చిట్టాలో ఉన్న తండ్రి పేరు ఆ ఇంట్లో మనవడికి మళ్లీ పెట్టారేమో చూడాలి.